ఇరవై ఒక్క ఔట్లు

గిన్నెలో కందిపప్పు మెత్తబడాలంటే ముప్పావు గంట కావాలి. కుక్కరులో అయితే మూడు కూతలు చాలు. మునిరత్నమ్మ ఇంట్లో కుక్కరు లేకపోలేదు. పాత పంచె చుట్టుకుని పద్దెనిమిదేళ్ళుగా అటక మీద ఉంది. పప్పు ముందే నానబెట్టడం, తెల్లారగానే పొయ్యి మీదకి ఎక్కించడం, పొంగకుండా మూత ఓరగా పెట్టడం, ఆ మూత గిన్నెకి తగిలి టంగుమనకుండా అంచుకి తడిగుడ్డ చుట్టడం, ఇవన్నీ ఆమె చేతులు వాటంతట అవే చేసుకుపోతాయి. "లైనంతా కుక్కర్లు కూస్తా ఉంటే మా కొంపలో మాత్రం పొద్దెక్కినా ఎసురు కాగతానే ఉంటాది" అని అత్త మారమ్మ గని కూలీల ఆ ఇళ్ళ వరసలో పక్కింటికి వినపడేలా అంటుంది. ఎందుకు కూయడం లేదో మారమ్మకి తెలుసు. తెలిసే అంటుంది.

ఇంట్లోంచి శబ్దాన్ని తీసేయడం బియ్యంలో రాళ్ళు ఏరడం లాంటిది. అయిపోయిందనుకున్న రోజే పంటి కింద ఒకటి తగులుతుంది. తలుపు గడియకి సైకిలు ట్యూబు ముక్క చుట్టింది. స్టీలు బిందెలు ఇచ్చేసి ప్లాస్టిక్ బిందెలు తెచ్చుకుంది. గాజుల గలగలకి కూడా ఆయన ఉలిక్కిపడడం చూసిన రోజు డజను మట్టిగాజులూ తీసి డబ్బాలో పెట్టి, రబ్బరు గాజులు వేసుకుంది. ఆ రోజు అత్త అన్న మాట ఇప్పటికీ చెవిలో ఉంది. "మొగుడు గుండ్రాయి మాదిరి ఉండంగానే చేతులు బోసి చేసుకున్నావు. నా కొడుకు ఎప్పుడు పోతాడా అని చూస్తా ఉండావా మే?" మునిరత్నమ్మ ఆ రోజు బదులు చెప్పలేదు. చెప్పాలంటే గొంతు పెంచాలి. గొంతు పెంచితే ఆయన బెదురుతాడు. అలా ఈ ఇంట్లో ఎవరేమన్నా బదులు రాకుండా పోవడానికి ఆయన జబ్బే ఒక ఏర్పాటైపోయింది. ఆ సంగతి ఆమెకి ఆలస్యంగా అర్థమైంది.

ఆయన ఈశ్వరప్ప. పద్దెనిమిదేళ్ళ కిందట సైన్యంలో ఉండగా, కశ్మీరులో ఒక కొండ మీద ఆయన పక్కన ఫిరంగి గుండు పడింది. తోటివాళ్ళిద్దరు పోయారు. ఆయన ఒంటి మీద గీత కూడా పడకుండా తిరిగొచ్చాడు. చాంపియన్ స్టేషన్లో రైలు దిగితే బాజాలు పెట్టి, మెడ నిండా దండలు వేసి లైను దాకా నడిపించారు. ఆ మరుసటేడే ఇక్కడి బంగారు గనులు మూతపడ్డాయి. తరువాత బెంగళూరులో వాచ్‌మన్ పనికి కుదిరాడు. ఆ మేడ కింద జనరేటరు ఆడిన రోజు పని వదిలేసి రైలు పట్టాల వెంట నడిచి వచ్చేశాడు. అప్పటినుంచి తలుపుకి ఎదురుగా మంచం వేసుకుని కూర్చుంటాడు. మునిరత్నమ్మ జాకెట్లు కుట్టి ఇల్లు నడుపుతుంది. విచిత్రం ఏమంటే కుట్టుమిషను చప్పుడు ఒక్కటే ఆయనకి పడుతుంది. అది ఆడుతుంటేనే కాస్త కునుకు తీస్తాడు. అందుకని కుట్టేందుకు గుడ్డ లేని రోజు కూడా ఆమె ఉత్త మిషను తొక్కుతుంది.

ఆగస్టు మొదటి ఆదివారం, పప్పు ఉడుకుతుండగా మరిది ఆదినారాయణప్ప వచ్చాడు. రాబర్ట్‌సన్‌పేటలో అతనికి ఫ్లెక్సులు అచ్చువేసే అంగడి ఉంది. వచ్చే మున్సిపల్ ఎన్నికల్లో నిలబడాలని కోరిక. మాజీ సైనికుల సంఘం ఏటా పంద్రాగస్టుకి చేసే సన్మాన సభకి ఏర్పాట్లన్నీ అతనివే.

"వదినా, ముందర నోరు తీపి చెయ్యి. తరవాత చెప్తా" అన్నాడు గుమ్మంలోంచే.

"చక్కెర అయిపోయిందప్పా. చేదుగానే చెప్పు."

"ఈ తూరి సన్మానం మా అన్నకే! తలకి మైసూరు పేట, శాలువ, దండ, ఓపెన్ జీపు. ఫ్లెక్సు కూడా రెడీ. అన్న ఫోటో ఇంత, నా ఫోటో ఇంత." చేతులతో చూపించాడు. తనది చిన్నదేమీ కాదు. "అసలైంది ఇంగా చెప్పలేదు. మిలిట్రీలో పెద్దోళ్ళకి ఫిరంగులు పేల్చి సెల్యూట్ కొడతారు గదా? మనకి ఫిరంగులు యాడనుండి వస్తాయి? అందుకే ఇరవై ఒక్క ఔట్లు, జాతరలో పేల్చేటివి. బచ్చప్ప తాత సొంత చేత్తో మందు దట్టిస్తా ఉండాడు. సైనేడ్ దిబ్బ మీద పేలిస్తే ఉరిగాం దాకా అదరాల."

మంచం మీద ఈశ్వరప్ప ఎడమ మోకాలు వణకడం మొదలుపెట్టింది. దాన్ని ఆయన అరచేత్తో అదిమిపట్టాడు. "సరేలేరా" అన్నాడు.

"ఔట్లు వద్దప్పా" అంది మునిరత్నమ్మ.

ఆదినారాయణప్ప నవ్వాడు. "ఏం వదినా, గనోళ్ళ బిడ్డకి శబ్దమంటే భయమా? ఎవురన్నా వింటే నవ్వుతారు."

అదీ ఇక్కడివాళ్ళు చేసే పొరపాటు. ఈ లైన్లలో పుట్టినవాళ్ళంతా ఉయ్యాలలో ఉండగానే బ్లాస్టింగు విన్నారు. షిఫ్టు ముగిసే వేళకి భూమి లోపల మందు పేలితే గూట్లో సత్తుగ్లాసులు వాటంతట అవే నాట్యం చేసేవి. పాలు తాగే పసిబిడ్డ రొమ్ము వదిలేది కాదు. బంధువుల ఊళ్ళకి పోతే అక్కడి నిశ్శబ్దానికి నిద్రపట్టేది కాదని గొప్పగా చెప్పుకునేవాళ్ళు. అలాంటి చోట పుట్టిన మగవాడు శబ్దానికి దడుస్తాడంటే ఎవరు నమ్ముతారు? మునిరత్నమ్మే మొదట నమ్మలేదు. తన తప్పేమో, తన వంటలో, తన మాటలో, తన పక్కలో ఏదో లోపమేమో అని మూడేళ్ళు వెతుక్కుంది.

"దీపావళికి ఆయప్పని నేను బైరకూరు మా అన్నోళ్ళ చేనికాడికి ఎందుకు పిల్చుకోని పోతానో నీకు తెల్వదా?" అని అడిగింది.

"మెల్లగా, మెల్లగా!" అతను వీధి వైపు చూశాడు. "తెలుసు వదినా. తెలిసే చెప్తా ఉండాను. ఒక గంట పని. ఓర్చుకుంటే అయిపోతాది. వద్దంటే ఎందుకు వద్దని అడగతారు. ఆదినారాయణప్ప అన్న పిచ్చోడంట అని మొదలుపెడితే నాకు ఓటెవురు వేస్తారు?"

"పిచ్చోడు అన్నది నువ్వు. ఈ ఇంట్లో ఇన్నేండ్లలో ఆ మాట నేను అన్లేదు."

మారమ్మ లేచి వచ్చింది. "దీనికి కుళ్ళురా. నా కొడుకుకి ఊరు మర్యాద చేస్తా ఉంటే కండ్లలో నిప్పులు పోసుకుంటా ఉండాది. ఆడది అడ్డం పడితే ఆగిపోయే మర్యాదా ఇది? నువ్వు చేసేది చెయ్యి."

ఆదినారాయణప్ప వెళ్తూ వెళ్తూ, ఇదంతా మామూలే అన్నట్టు, "ఎప్పట్లానే ఆడోళ్ళంతా తెల్లారి నాలుగ్గంటలకే వంటకి వచ్చేయండి వదినా. మున్నూరు మందికి. పోయినేడు సాంబారు పల్చన అయింది, రవంత చూసుకోండి" అన్నాడు.

మధ్యాహ్నం మునిరత్నమ్మ, కుట్టిన జాకెట్లు ఇవ్వడానికి మార్తా ఇంటికి పోయింది. మార్తా భర్త జేవియర్ కూడా మిలిట్రీలో చేసినవాడే. రెండేళ్ళ కిందట ఆ సన్మానం అతనికి జరిగింది. అప్పుడు ఔట్లు లేవు, పదివేల వాలా పటాకులు కాల్చారు. ఆ మరునాడు జేవియర్ వేలాంగణ్ణి మాతకి మొక్కు తీర్చడానికి పోయాడని, మూడు రోజులకి తిరిగొచ్చాడని లైనంతా అనుకుంది. మార్తా ఇంటింటికీ చిన్న చిన్న సీసాల్లో పుణ్యనూనె పంచింది.

మునిరత్నమ్మ పొద్దుటి సంగతంతా చెప్పింది. మార్తా ఎల్లిపాయలు ఒలుస్తూ తల ఎత్తకుండా విన్నది. చివరికి అంది, "అక్కా, ఆయన వేలాంగణ్ణికి పోలేదు."

"మరి?"

"పటాకులు మొదలైనాక ఎప్పుడు లేచిపోయినాడో తెల్వదు. మూడు దినాలు వెతికినా. నంగలి కాడ రోడ్డు మోరీ కింద కూర్చోని ఉండాడు. నీళ్ళలో. నన్ను చూసి, తల దించు, తల దించు అంటాడు. నేనూ ఆ మోరీలో దూరి తల దించుకోని కూర్చున్నా. పొద్దుగూకేదాకా."

"ఆ నూనె?"

"దేవుడు క్షమించాల. ఆండర్సన్‌పేట అంగట్లో కొబ్బరినూనె."

"అది నలభై దినాలు ఆయప్ప నుదుటికి రాసినానే పాపిష్టిదానా!"

ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. నవ్వు తన్నుకొచ్చింది. ఆపుకోబోయి మరీ నవ్వారు. నవ్వి నవ్వి కళ్ళు తుడుచుకునేసరికి ఆ కన్నీళ్ళు ఎప్పుడు మారిపోయాయో ఇద్దరికీ తెలియలేదు. వాళ్ళిద్దరి ఇళ్ళ మధ్య నాలుగే నాలుగు ఇళ్ళు. ఒక ఇంట్లో తాలింపు వేస్తే మూడో ఇంట్లో తుమ్ముతారు. అటువంటి చోట, ఇద్దరు ఆడవాళ్ళు ఇన్నేళ్ళు ఒకే బండరాయిని చెరోవైపు మోస్తూ, నేనొక్కదాన్నే అనుకున్నారు. ఎవరు నేర్పారు ఇంత బాగా దాచడం? దాచమని ఎవరూ చెప్పలేదు. చెప్పుకుంటే ఏమవుతుందో మాత్రం అందరూ చెప్పారు.

మార్తా ఇంకో సంగతి కూడా చెప్పింది. ఆమె కూతురు మోనికా బెంగళూరులో ఒక ఆసుపత్రిలో నర్సు. అక్కడొక డాక్టరమ్మ ఉందట. మిలిట్రీ నుంచి ఇలా తిరిగొచ్చినవాళ్ళతోనే ఆమెకి పని. ఒక గది ఇస్తే ప్రతి బుధవారం తానే రైల్లో వస్తానని సంఘానికి ఉత్తరం రాసింది. కమిటీవాళ్ళు చదివి, "మన వీరులకి మెంటల్ డాక్టరా? తలకాయ తీసేసినట్టుంటాది" అని బీరువాలో పడేశారు. సంఘం హాలు పెళ్ళిళ్ళకి కావాలి.

సభ ముందురోజు సాయంత్రం మునిరత్నమ్మ మంచం పక్కన కింద కూర్చుని భర్తని సూటిగా అడిగింది. ఇన్నేళ్ళలో అలా అడగడం అదే మొదలు.

"నీకు పోవాలని ఉండాదా?"

"పోవాల గదా. అందురూ చూస్తా ఉంటారు."

"వాళ్ళ సంగతి కాదు. నీకు ఉండాదా?"

"ఐదు ఔట్ల దాకా ఓర్చుకుంటా రత్నా. మనసులో లెక్క పెట్టుకుంటా ఉండా. ఆ పైన నా చేతుల్లో లేదు."

ఆమె ఆయన చెయ్యి పట్టుకుంది. ప్రతి సెలవు చివరా చాంపియన్ స్టేషన్లో పట్టుకున్న చెయ్యే అది. రైలు మలుపు తిరిగేదాకా ఆడది ఏడవకూడదని అత్త కట్టడి. మలుపు తిరిగాక ఏడ్చినా ఎవరూ పట్టించుకోరు. అలా ఎన్నోసార్లు పంపింది. పంపిన ప్రతిసారీ ఇదే ఆఖరేమో అనుకునేది. ఆ ఆఖరుసారి ఏదో ఆమెకి తెలుసు. మీసం దువ్వుకుంటూ కిటికీలోంచి కన్నుగీటి వెళ్ళిన మనిషి మళ్ళీ దిగలేదు. ఆ మనిషి కోసం ఏడవడానికి కూడా లేదు, ఎందుకంటే ఆయన బతికే ఉన్నాడు, దండలు వేశారు, ఇంకేం కావాలి నీకు అంటారు.

"రేపు నువ్వు పోవద్దు. లోపలినుంచి గడియ పెట్టుకో" అంది. "ఒక్కటి కూడా పేలదు. నేను చూసుకుంటా."

"నువ్వేం చేస్తావే?"

"నాకూ తెల్వదు."

నిజంగానే తెలియదు. తెల్లారి నాలుగింటికి సంఘం హాలు వెనక వంకాయలు కోస్తున్నప్పుడూ తెలియదు. ఎనిమిదింటికి అన్నం వార్చి, ఆ చేతులతోనే, గని మట్టి పోసిన సైనేడ్ దిబ్బ మీదకి నడిచింది. తెల్లటి దిబ్బ మీద బచ్చప్ప గొయ్యికి ఒకటి చొప్పున ఇరవై ఒకటి వరుసగా పాతి, వత్తులు సవరిస్తున్నాడు. గనిలో ముప్పై ఏళ్ళు మందు పేల్చిన మనిషి. మునిరత్నమ్మ తండ్రి సుబ్బరాయప్ప ఆయన దగ్గరే పనిచేశాడు.

"ఏమ్మా, సుబ్బరాయప్ప కూతురా! ఈడికి ఎందుకు వచ్చినావు? దూరం జరుగు, మందు ఉండాది."

"చిన్నాయనా, గనిలో వత్తి ముట్టించే ముందర ఏం చేసేవాళ్ళు మీరు?"

"ఇదేం ప్రశ్నే? ప్రతి దావలోనూ ఒక మనిషిని నిలబెడతాం. లోపల ఎవురూ లేరని తలా ఒక మాట రావాల. ఒక్క మాట తగ్గినా ముట్టించేది లేదు, దొరొచ్చి చెప్పినా సరే. మీ నాయన కోసరమే ఒకదినం అర్ధగంట నిలిపినా. టిపిని డబ్బా మరిచినానని లోపలికి పోయినాడు మహానుభావుడు. షిఫ్టంతా నన్ను తిట్టింది."

"ఇప్పుడు నా మాట తగ్గింది చిన్నాయనా. ముట్టించొద్దు."

బచ్చప్ప వత్తి వదిలి నిటారుగా నిలబడ్డాడు.

ఆమె అన్నీ చెప్పింది. గొంతు పెంచలేదు, ఆ అలవాటు పోయింది. శబ్దం వింటే ఆయన మంచం కింద దూరి చచ్చిపోయిన ఆ ఇద్దరినీ పేర్లు పెట్టి పిలవడం చెప్పింది. పక్క తడిసిపోవడం చెప్పింది. ఒకసారి నిద్రలో తన గొంతు పట్టుకుంటే మెడకి కొంగు చుట్టుకుని వారం రోజులు తిరగడం, చలి అని చెప్పడం, అదీ చెప్పింది. "ఐదు దాకా ఓర్చుకుంటాడంట. మీరు ఇరవై ఒకటి పాతినారు."

"ఇన్నేండ్లు చెప్పలేదేమమ్మా?"

"ఎవురన్నా అడిగినారా?"

బచ్చప్ప కూర్చున్నాడు. మోకాళ్ళ మీద పాకుతూ, ఒక్కొక్క గొయ్యి దగ్గరా ఆగి, ఇరవై ఒక్క వత్తులూ పీకేశాడు.

తొమ్మిదిన్నరకి జీపు ఖాళీగా వచ్చింది. హాలు నిండా జనం. ఫ్లెక్సు మీద ఈశ్వరప్ప నవ్వుతున్నాడు, పాత ఫోటో. ఆదినారాయణప్ప చెమటలు కక్కుతూ వంటకాడికి పరిగెత్తుకొచ్చాడు.

"అన్న గడియ తియ్యలేదంట! ఆ ముసలోడు ఔట్లు కాల్చను పో అంటాడు! ఏం చేసినావు వదినా?"

"మైకు యాడ?" అంది మునిరత్నమ్మ.

పసుపు చేతులతో, మసి అంటిన చీరతో వేదిక ఎక్కుతున్న ఆమెని చూసి, సభ నడిపేవాడు తడుముకుని, "వీరపత్ని మునిరత్నమ్మగారు ఇప్పుడు..." అంటూ శాలువ విప్పాడు. ఆమె శాలువ పక్కకి నెట్టి మైకు అందుకుంది. ముందు వరుసలో మారమ్మ కూర్చుని ఉంది.

"మా ఆయన రాలేదు. నేనే రావొద్దన్నా. ఆయనకి శబ్దమంటే భయం. మీరు చెప్పే ఆ యుద్ధంలో వచ్చిన భయం. ఇన్నేండ్లు సిగ్గని దాచినా. ఆయన దేశానికి పోయి తెచ్చుకున్నది నేనెందుకు సిగ్గుపడాల? మీకు ఆయన మీద గౌరవం ఉంటే ఈ శాలువ వద్దు, ఔట్లు వద్దు. ఆ డాక్టరమ్మ ఉత్తరం బీరువాలోనుంచి తీయండి. ఈ హాలు బుధవారం బుధవారం తెరవండి."

"వదినా! మా అన్న మానం తీస్తా ఉండావు!" కింద నుంచి ఆదినారాయణప్ప అరిచాడు.

అప్పుడు హాలు వెనకనుంచి, సాంబారు అండా పక్కన నిలబడి, గరిటె పైకెత్తి మార్తా కేక పెట్టింది. "నా మొగుడు వేలాంగణ్ణికి పోలేదు!"

జనానికి అర్థం కాలేదు. కొందరు నవ్వారు. కానీ మొగుడు మిలిట్రీలో చేసిన ఆడవాళ్ళు ఒక్కరూ నవ్వలేదు. ఒకామె చేతిలో విస్తరాకులు కింద పెట్టేసింది. ఇంకొకామె అన్నం గంప మీద గుడ్డ మళ్ళీ కప్పేసింది. ముందరే అనుకున్న మాటేమీ కాదు. మున్నూరు మంది ఆకలి మీద ఉన్నారు, గరిటెలన్నీ ఆడవాళ్ళ చేతుల్లో ఉన్నాయి, అంతే.

"హాలు తాళంచెవి ఇచ్చినాక వడ్డిస్తాం" అంది మునిరత్నమ్మ మైకులో.

సంఘం అధ్యక్షుడు ఓబలప్ప డెబ్బై ఐదేళ్ళవాడు, సుబేదారుగా రిటైరైనవాడు. లేచాడు. జేబులోంచి తాళంచెవి తీసి ఆమె చేతిలో పెట్టాడు. పెడుతుంటే ఆయన వేళ్ళు వణకడం ఆమె చూసింది. ఆయన భార్య చచ్చిపోయి పదేళ్ళు. ఆమె ఎన్ని దాచిపెట్టి పోయిందో.

వడ్డనలయ్యాక బీరువాలోంచి ఉత్తరం తీయించి, మోనికాకి ఫోను చేయించి, డాక్టరమ్మని కలిసేవాళ్ళ పేర్లు చీటీ మీద రాయించి ఆమె ఇల్లు చేరేసరికి మూడయింది. ఈశ్వరప్ప గడియ తీసి గుమ్మంలో నిలబడి ఉన్నాడు.

"పేల్లేదు" అన్నాడు.

"పేలవని చెప్తిని గదా."

"ఏం చెప్పినావు వాళ్ళకి?"

"నిజం చెప్పినా."

"నా పేరు పెట్టి?"

"నీ పేరు పెట్టే."

ఆయన మొహం గోడ వైపు తిరిగింది. "ఇంగ నేను వీధిలో ఎట్లా తిరగాల? నన్ను అడగల్ల గదా నువ్వు."

ఆ మాటలో న్యాయం ఉంది. అది ఆమెకి తగిలింది. ఇన్నేళ్ళలో ఆయన మొహం అలా తిరిగిన ప్రతిసారీ ఆమె నోరు మూసుకుంది, వంటింట్లోకి పోయింది, తన తప్పు వెతుక్కుంది. ఈసారి అక్కడే గుమ్మంలో, ఆయన కాళ్ళ పక్కన చతికిలబడింది. నాలుగింటి నుంచి నిలబడిన కాళ్ళు.

"అడగల్ల. తప్పే. కోపం వస్తే కోపపడు. గట్టిగా తిట్టినా సరే, ఈ దినం నేనూ గట్టిగానే బదులిస్తా" అంది. "కానీ ఇంగ దాచేది నాతో కాదు. బుధవారం డాక్టరమ్మ వస్తాది. నిన్ను చెయ్యి పట్టుకోని లాక్కుపోను. వస్తే రా, లేకుంటే ఇంట్లోనే ఉండు."

"నేను రాకపోతే నువ్వు మాత్రం పోయి ఏం చేస్తావు?"

మునిరత్నమ్మ కొంగుతో మొహం తుడుచుకుంది.

"పద్దెనిమిదేండ్లుగా నాకూ నిద్ర లేదు. చీటీలో మొదటి పేరు నాదే రాయించుకోని వచ్చినా" అంది.